పదివేల అడుగుల ఎత్తున పసిదాని స్నానం

నా పేరు కొల్లి సూరమ్మ. వయసు డెబ్బై ఎనిమిది. నార్త్ కరోలినాలోని క్యారీలో మా అమ్మాయి లక్ష్మి ఇంట్లో ఉంటాను. లక్ష్మి, అల్లుడు, నేను, ఒక కుక్క, అంతే మా సంసారం. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నా మనుమరాలు రమ్య తన ప్రయాణాల బ్లాగులో ఇది రాస్తోంది. ప్రతి ముక్కా తిరిగి చదివించుకుని విన్నాకే తర్వాతి ముక్క చెబుతున్నాను కాబట్టి ఇందులో తప్పున్నా ఒప్పున్నా నాదే. కొలరాడో కొండల్లో రమ్య వాళ్ళింట్లో హీటర్ ఆగిపోయిందనీ, దానికి సూరమ్మ సాంబ్రాణే కారణమనీ మా చుట్టాల్లో ఒక మాట పాకింది. అది క్యారీ చేరింది, ప్లెయిన్స్‌బరోలో రమ్య అత్తవారింటికీ చేరింది. అందుకే జరిగింది జరిగినట్టు చెప్పదలచుకున్నాను. పసిపిల్లలతోనో, నాలాంటి పెద్దవాళ్ళతోనో ఈ కొండల్లోకి రావాలనుకునేవాళ్ళకూ ఇది పనికొస్తుంది.

రమ్య లెడ్‌విల్ ఆసుపత్రిలో నర్సు. డెన్వర్‌లో కాన్పయింది. ఆడపిల్ల, పేరు తార. మూడో నెల నడుస్తుండగా మళ్ళీ డ్యూటీలో చేరాల్సి వచ్చింది. ‘పసిదానికి నీళ్ళు ఎవరు పోస్తారే?’ అని ఫోనులో అడిగాను. ‘కిరణ్ టబ్‌లో పోస్తున్నాడు అమ్మమ్మా’ అంది. కిరణ్ అంటే దాని మొగుడు, ప్లెయిన్స్‌బరోలో పుట్టి పెరిగినవాడు. మంచివాడే. కానీ టబ్‌లో పోయడమేమిటి? మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డా నా కాళ్ళ మీద పడుకుని స్నానం చేసినదే. నూనె రాసి, ఒళ్ళు మర్దించి, సున్నిపిండితో నలిచి, నీళ్ళు పోసి, చివర్లో సాంబ్రాణి పొగ పట్టించి నిద్రపుచ్చడం ఒక పని. అది తెలిసిన చెయ్యి చెయ్యాల్సిన పని. మర్నాడే టికెట్టు తీయించుకున్నాను.

మే మొదటి వారంలో బయలుదేరాను. మా క్యారీ పక్కనున్న రాలీ నుంచి డెన్వర్‌కి ఆగకుండా వెళ్ళే విమానం పొద్దున ఉంది, నాలుగు గంటల లోపే దింపేస్తుంది. డెన్వర్ గడియారం మా క్యారీ కంటే రెండు గంటలు వెనక కాబట్టి దిగేసరికి ఇంకా పొద్దున్నే. టికెట్టు కొనేటప్పుడే చక్రాల కుర్చీ అడిగి ఉంచండి, దానికి విడిగా డబ్బు లేదు. నా సంచిలో నువ్వుల నూనె, సున్నిపిండి, సాంబ్రాణి, ధూపం మూకుడు పెట్టుకున్నాను. బొగ్గు మాత్రం విమానంలో వద్దని లక్ష్మి తీసేసింది. ‘పోనీలే, అక్కడ మాంసం కాల్చుకునేవాళ్ళు లేరా, బొగ్గు దొరక్కపోతుందా’ అనుకున్నాను. దొరికింది కూడా.

కిరణ్ కారు తీసుకుని వచ్చాడు. ఎక్కీ ఎక్కగానే మొదలుపెట్టాడు.

“అమ్మమ్మా, ఈ రోజు డెన్వర్‌లో స్టే చేద్దాం. హోటల్ బుక్ చేశాను. రేపు పైకి వెళ్తాం. నీ బాడీ ఆల్టిట్యూడ్‌కి అడ్జస్ట్ అవ్వాలి.”

“పసిది అక్కడ, నేనిక్కడ హోటల్లోనా? పోనియ్ బండి.”

“డాక్టర్ చెప్పింది అమ్మమ్మా.”

“ఆ డాక్టరమ్మకు కాన్పులయ్యాయా?”

నవ్వేశాడు గానీ బండి పోనిచ్చాడు. హోటల్ గదికి కట్టిన నూట నలభై డాలర్లు పోయాయి, తిరిగి ఇవ్వలేదు. ఈ ఒక్క విషయంలో నా దారిన పోకండి. పడమటికి వెళ్ళే ఇంటర్‌స్టేట్ డెబ్బై రోడ్డు ఎక్కి, ఐడహో స్ప్రింగ్స్‌లో టీ తాగి, కొండ కింద పొడుగాటి సొరంగం ఒకటి దాటేసరికి నా గుండెల మీద ఎవరో కూర్చున్నట్టయింది. కిరణ్ నీళ్ళ సీసా చేతికిచ్చాడు. సొరంగం అవతల కాపర్ మౌంటెన్ దగ్గర రోడ్డు దిగి తొంభై ఒకటో నంబరు రోడ్డు పట్టుకుంటే ఒక కనుమ ఎక్కి దిగాలి. అది దిగితే లెడ్‌విల్. ఆగకుండా వస్తే విమానాశ్రయం నుంచి రెండున్నర గంటలు, మాలాగా ఆగుతూ వస్తే మూడు. మే నెల కదా అనుకుని మామూలు టైర్ల బండి అద్దెకు తీసుకోకండి. కనుమలో మాకు మంచు పడింది.

ఊరు చిన్నది. ఎర్ర ఇటుకల పాత అంగళ్ళ వెనక తెల్లటి శిఖరాలు ఎంత దగ్గరగా ఉంటాయంటే, చెయ్యి చాపితే చలి తగులుతుంది. రమ్య వాళ్ళది అద్దెకున్న పాత చెక్క ఇల్లు. నేలలో అక్కడక్కడా జాలీలు. వాటిలోంచి వెచ్చటి గాలి వస్తుంది. వంటింటి పక్కన చిన్న గదిలో ఫర్నేస్ అనే మిషను గ్యాసుతో మండుతూ ఆ గాలిని ఇల్లంతా తోస్తుంది. ఇక్కడ నీళ్ళు తొందరగా మరుగుతాయి, కందిపప్పు మాత్రం కుక్కర్ లేకపోతే ఉడకదు. పసిదాన్ని చేతిలోకి తీసుకున్నాను. నా బొటనవేలు పట్టుకుంది. ఊపిరాడకపోవడం అంతటితో మరిచిపోయాను.

మర్నాడు స్నానం బ్రహ్మాండంగా జరిగింది. సాంబ్రాణి వేసేసరికి మాత్రం పైకప్పుకు బిగించిన అలారం డబ్బా ఒకటి చెవులు పగిలేలా అరిచింది. ఆఫీస్ కాల్‌లో ఉన్న కిరణ్ పరిగెత్తుకొచ్చి, కుర్చీ ఎక్కి దాన్ని పీకి, బ్యాటరీ తీసి సొరుగులో పడేశాడు. ఆ తర్వాతి రోజు మంచు బాగా పట్టింది, మిషను ఆపకుండా తిరగాల్సి వచ్చింది. సరిగ్గా నేను స్నానం ముగించి ధూపం వేసేటప్పటికి టక్కుమని ఆగిపోయింది. కిరణ్ ఏదో మీట నొక్కితే కాసేపు తిరిగి మళ్ళీ ఆగింది. మూడోసారి ఆగాక వాడు నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

“అమ్మమ్మా, నీ స్మోక్ మొత్తం ఫర్నేస్ లోపలికి వెళ్తోంది. ఫిల్టర్ బ్లాక్ అయింది, ఐ థింక్. ఇక బాత్ వద్దు. నేను టబ్‌లో చేస్తాను.”

“నా చేతుల్లో ఇంతమంది పెరిగారు, ఏ మిషనూ ఆగలేదురా.”

“మీ ఊళ్ళో మిషన్ లేదు కదా!”

రమ్య నవ్వు ఆపుకుంది. వాడు ఆపుకోలేదు. ఆ తర్వాత గొంతు తగ్గించి, “సండే ఫ్లైట్ చూస్తున్నాను. ఇక్కడ నీకు బ్రీతింగ్ కూడా కష్టం. క్యారీ వెళ్ళిపో అమ్మమ్మా, ప్లీజ్” అన్నాడు.

నాకు తిక్క రేగింది. పదివేల అడుగులు ఎక్కి వచ్చింది ఆదివారం దిగిపోవడానికా? “నన్ను పంపించాలంటే ముందు ఆ మిషను చేత చెప్పించు, నా వల్లే ఆగిందని” అన్నాను. రమ్య నా వైపూ మొగుడి వైపూ చూసి, రిపేరు వాళ్ళకు ఫోన్ చేసింది.

ఈ ఊళ్ళో ఈ పని చేసేవాళ్ళు కొద్దిమందే, మంచు పడిన వారమైతే అందరికీ వాళ్ళే కావాలి. మరునాటి మధ్యాహ్నానికి వస్తామన్నారు. గడప తొక్కినందుకే నూట ఎనభై, ఆ పైన పనిని బట్టి. అందాకా ఒక చిన్న కరెంటు హీటర్ పెట్టుకుని అందరం ఒకే గదిలో సర్దుకున్నాం. పసిదానికి స్నానం లేదు. వెచ్చటి గుడ్డతో తుడిచి ఊరుకున్నాం. అది నా వైపే చూస్తుంటే నాకు చెయ్యి ఆడలేదు.

వచ్చిన మనిషి పేరు మార్తా. భుజాలు తలుపుకి ఆనేంత బలమైన మనిషి, గొంతు అంతకంటే పెద్దది. వ్యాన్ మీద హీటింగ్, కూలింగ్ అని రెండూ రాసి ఉందని రమ్య చదివి చెప్పింది. “ఈ చలిలో కూలింగ్ ఎవరికమ్మా?” అని అడగమన్నాను. మార్తా పకపకా నవ్వి, “ఆగస్టులో ఎవరైనా పిలుస్తారు. వెళ్ళి కిటికీ తెరుస్తాను. అదే మా కూలింగ్” అంది. ఆమె మాటలన్నీ నాకు రమ్య చెబుతూ వచ్చింది.

కిరణ్ నా నేరం మొత్తం ఆమెకు అప్పజెప్పాడు. ఆమె ఫిల్టర్ బయటికి లాగి, వెలుతురుకు పెట్టి చూసింది.

“ఇది మామూలు దుమ్ము. మార్చుకుంటే మంచిదే గానీ, దీనివల్ల ఆగలేదు.”

“విన్నావా?” అన్నాను కిరణ్‌తో. “మళ్ళీ చెప్పమందామా?”

“విన్నాను అమ్మమ్మా.”

నా గెలుపు అక్కడికే ఆగింది. మార్తా మిషను గదిలోకి తల పెట్టి గోడకేసి చూసింది. ‘ఇదేమిటి?’ అని చెయ్యి పైకి పెట్టి గోడ కన్నంలోంచి ఏదో లాగింది. గుడ్డ వచ్చింది. ఇంకా లాగింది, ఇంకా వచ్చింది. ఎర్ర అంచు, పచ్చ గళ్ళు, నీలం పువ్వులు. ఆ కుట్టు నాది. నా పాత నేత చీరలు నాలుగు కలిపి నేనే కుట్టి, పసిదాని కోసం క్యారీ నుంచి పార్సిల్ పంపిన బొంత!

“అది నా బొంత! అక్కడికెట్లా పోయింది?”

రమ్య ముఖం ఎర్రగా కందింది. “నేనే కుక్కాను. నువ్వు రాకముందు గాలి బాగా వీచినప్పుడు ఆ కన్నంలోంచి చలి కోసేసింది. నువ్వే కదా అమ్మమ్మా రోజూ ఫోన్ చేసి, బాలింతకు గాలి తగలకూడదు, ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ గుడ్డ కుక్కు అన్నావు?”

“నువ్వు పడుకునే గదికి కుక్కమన్నానే తల్లీ! మిషను ముక్కులో కుక్కమన్నానా?”

“సందు అన్నావు. ఏ సందో చెప్పలేదు.”

కిరణ్ గోడకు ఆనుకుని నవ్వుతున్నాడు. మార్తా నవ్వలేదు. బొంత నా చేతిలో పెట్టి, నేరుగా నా కళ్ళలోకి చూస్తూ చెప్పింది. ఆ కన్నం ఎవరో మరిచిపోయి వదిలింది కాదట, మంట బతకడానికి బయటి గాలి రావాలని పెట్టింది. ఈ ఎత్తున గాలి అసలే పలచన. మనిషికి ఊపిరి చాలనట్టే మంటకూ చాలదు, అందుకే ఇక్కడ మిషన్లకు గ్యాసు కూడా తగ్గించి అమరుస్తారు. ఉన్న కాస్త గాలీ మూసేస్తే మంట సరిగా మండక విషపు గాలి వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ‘మిషను తనంతట తాను ఆగడం మీ అదృష్టం. ఆగకపోతే?’ అంది. రమ్య పసిదాన్ని ఎత్తుకుని గట్టిగా హత్తుకుంది.

“మీ అలారం ఏది?” అని అడిగింది మార్తా. పొగను, ఆ విషపు గాలిని రెండింటినీ కనిపెట్టేది ఆ ఒక్క డబ్బానే. కిరణ్ సొరుగు తెరిచి చూపించాడు. ఆ తర్వాత ఆమె వాడితో అన్న మాటలు రమ్య నాకు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. వాడు కుర్చీ ఎక్కి ఆమె ముందే బిగించాడు.

మార్తా దగ్గర ఆ విషపు గాలిని కొలిచే చేతి మీటరు ఉంది. మిషను వెలిగించి దగ్గర పెడితే చప్పుడు చెయ్యలేదు. మంట నీలంగా, నిలకడగా ఉంది. నేను ఊరుకోలేదు. నా మీద పడిన నింద పూర్తిగా పోవాలి కదా. మూకుట్లో బొగ్గు రాజేసి తెచ్చి, “దీని మీదా పెట్టమను, నా సాంబ్రాణి ఎంత శుభ్రమో అందరూ చూస్తారు” అన్నాను. రమ్య వద్దంటున్నా వినలేదు.

పెట్టింది. మీటరు కీచుమంది. మొన్న పైకప్పు డబ్బా అరిచినదానికంటే గట్టిగా అరిచింది. ఇంకా సాంబ్రాణి వెయ్యనే లేదు, ఉత్త బొగ్గుకే!

అందరూ నన్నే చూశారు. నేను మూకుడు పట్టుకుని తలుపు తీసుకుని బయటికి నడిచి, మంచులో బోర్లించాను. బుస్సుమంది. లోపలికి వచ్చి, “సాంబ్రాణి మానేశాను. స్నానం మానను” అన్నాను.

కిరణ్ “సండే ఫ్లైట్ వద్దులే అమ్మమ్మా” అన్నాడు.

“బుక్ చేసేశావా ఏమిటి?”

“లేదు. ల్యాప్‌టాప్‌లో ఓపెన్ చేసి ఉంది.”

“ఈ ఇంట్లో మూయాల్సింది అదొక్కటే. మూసెయ్.”

మర్నాడు పొద్దున మిషను ఆగకుండా తిరిగింది. నేలజాలీ పక్కన పీట వేసుకుని, కాళ్ళు చాపి, తారకు నూనె మర్దించి నీళ్ళు పోశాను. జుట్టు ఆ వెచ్చటి గాలికే ఆరింది. బొంతలో చుట్టగానే నిద్రపోయింది. ‘ఈసారి చెయ్యి నీది’ అని కిరణ్‌కి కూడా నేర్పుతున్నాను. మెడ కింద చెయ్యి పెట్టడం బాగానే పట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ బాలింత ఇంట్లో సందు కనబడితే మూయించిన మనిషిని. ఇప్పుడు రోజూ లేవగానే ఆ మిషను గదిలోకి వెళ్ళి, గోడ కన్నం దగ్గర అరచెయ్యి పెడుతున్నాను. చలి గాలి జివ్వుమని తగిలితేనే నీళ్ళు కాచుకుంటున్నాను. నేను చెప్పిన జాగ్రత్త తప్పు కాదు. బాలింత వెచ్చగా ఉండాలి, ఇప్పటికీ అదే అంటాను. కానీ కొండ మీద మనిషికి వెచ్చదనమిచ్చే మంటకు కూడా ఊపిరి కావాలని నాకు ఎవరూ చెప్పలేదు. నేను మీకు చెబుతున్నాను.

మీరు ఇక్కడ ఇల్లు అద్దెకు తీసుకుంటే సామాను దింపకముందే అలారం మీట నొక్కి అరుస్తోందో లేదో చూసుకోండి. గోడలో చలి గాలి వచ్చే కన్నం కనబడితే దాని పని ఏమిటో ఇంటివాళ్ళను అడగండి, గుడ్డ మాత్రం కుక్కకండి.

ఇది నేను చెప్పి రాయించినది, విని ఒప్పుకున్నది. సిరా లేదు కాబట్టి పసిదాని నువ్వుల నూనెతో కాగితం మీద వేలిముద్ర వేశాను. కిరణ్ ఫొటో తీసి కింద పెడతానన్నాడు.

కొల్లి సూరమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు: కన్నంలో బొంత కుక్కిన రమ్య. అలారం సొరుగులో పెట్టిన కిరణ్.