గ్లాసు నీళ్ళ మట్టం

పొద్దున్నే లేవగానే ఆయన చేసే మొదటి పని, స్టీలు గ్లాసులో అంచు దాకా నీళ్ళు పోసి మడత బల్ల మీద పెట్టడం. నీళ్ళు గ్లాసు అంచును ఏ పక్క తడుపుతున్నాయో వంగి చూసేవాడు. సుత్తి పట్టుకుని కిందికి దిగి, ఆ పక్క చక్రం కింద ఏటవాలు చెక్కను రెండు దెబ్బలు వేసి, మళ్ళీ పైకొచ్చి చూసేవాడు. నీళ్ళు నాలుగు పక్కలా సమంగా నిలిచాక ఆ గ్లాసు భార్య చేతికిచ్చేవాడు. ఆవిడ సగం తాగి, మిగతా సగం ఆయనకిచ్చి, "ఇల్లు నిలబడింది" అనేది. అప్పుడు ఆయన కిటికీలోంచి తూర్పుకు తిరిగి ఒక్క దండం పెట్టుకునేవాడు. దేవుణ్ణి ఎప్పుడూ పెద్ద కోరికలు కోరలేదు.

వాళ్ళ ఇల్లు ఒక బండి. లారీలు బాగుచేసే షెడ్డు వెనక, మట్టి నేల మీద ఉండేది. పక్కనుంచి బరువు లారీ ఒకటి పోయిందంటే నేల కుంగి బండి ఒక పక్కకు వాలేది. తల వాలుగా ఉంటే ఆవిడకు కళ్ళు తిరిగేవి. "జారిపోతున్నట్టుంది" అనేది. పనిముట్ల పెట్టెలో వాలు చూసే మంచి రసమట్టం ఉన్నా ఆయన దాన్ని ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకే వాడేవాడు. రసమట్టం మొహమాటపడుతుందేమో గాని నీళ్ళు మొహమాటపడవని ఆయన నమ్మకం.

వృత్తి వడ్రంగం. నలభై ఏళ్ళు ఇరుకిళ్ళలో అలమరాలు బిగించాడు. మూలన అంగుళం మిగిలితే అందులోనూ ఏదో ఒక అర పుట్టించేవాడు. అందుకే అందరూ ఆయన్ని 'అంగుళం' అనేవాళ్ళు, షెడ్డు మెకానిక్కులు మాత్రం కాస్త మర్యాద కలిపి 'అంగుళం బాబాయ్' అనేవాళ్ళు. బండిలోనే కాపురం చేయాలని సరదాపడే కుర్రజంటలకు ఆయన పదకొండు బండ్లను ఇళ్ళుగా మార్చి ఇచ్చాడు. పన్నెండోది తమకోసం. అప్పటికి తొమ్మిది అద్దె గదులు మారారు. తొమ్మిదోసారి సామాను దించాక ఆవిడ మూటల మధ్య చతికిలబడి, "ఇంకోసారి నేను సామాను సర్దను. ఈసారి మారేటప్పుడు ఇల్లే సర్దుకుని బయల్దేరదాం" అంది. ఆయన ఆ మాటను పట్టుకున్నాడు. బేకరీ రొట్టెలు మోసిన పాత వ్యాను ఒకటి సంపాదించాడు. వాన పడినప్పుడల్లా ఆ చెక్కల సందుల్లోంచి కాల్చిన రొట్టె వాసన వచ్చేది.

ఆ బండిని ఆయన ఆవిడ ఒంటికి కొలిచి కుట్టినట్టు చేశాడు. ఆవిణ్ణి సిమెంటు నేల మీద పడుకోబెట్టి చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు. మోచేతి ఎత్తున పొయ్యి, మోకాలి ఎత్తున పీట, నడిచే దారి పద్దెనిమిది అంగుళాలు. ఒక్క ఇనుప మేకు లేదు. మంచం తలవైపు పలకే అలమరాకు గోడ, అలమరా అడుగే పొయ్యికి అరుగు. ఒకదాని బరువు ఇంకొకటి మోస్తుంది. ఒకటి పీకితే అన్నీ ఊడి వస్తాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళకు ఆ మాట ఎంతో గొప్పగా చెప్పుకునేవాడు.

తొమ్మిదేళ్ళు అందులో హాయిగా గడిచాయి. తుమ్మాలన్నా వంతులు వేసుకోవాలని ఆవిడ వేళాకోళం చేసేది. అలిగి వెళ్ళడానికి ఇంకో గది లేదు గనక, అలిగినప్పుడు డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగు పట్టుకుని ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తుండేది. కాసేపాగి ఆయన వెనకనుంచి, "ఎందాకా వెళ్ళావు?" అని అడిగేవాడు. కోపం తగ్గకపోతే "ఊరు దాటాను" అనేది. తగ్గితే "ఇప్పుడే వెనక్కి తిప్పాను" అనేది.

ఒకరోజు పొద్దున ఆయన గ్లాసు అందించాడు. ఆవిడ ఎడమచేయి చాపబోయింది. చేయి రాలేదు. నీళ్ళు దుప్పటి మీద ఒలికిపోయాయి. ఆవిడ ఆ చేతికేసి, అది ఎవరిదో అన్నట్టు చూసింది.

మెకానిక్కులు నలుగురూ పరుగున వచ్చారు. బండి లోపలి దారిలో ఇద్దరు మనుషులు ఎదురుబొదురుగా నిలబడే చోటు లేదు. దుప్పట్లోనే కూర్చోబెట్టి, ఒరగా తిప్పి, తలుపులోంచి బయటికి తీసుకురావడానికి పావుగంట పట్టింది. షెడ్డు యజమాని తన జీపు తనే నడిపి ఆస్పత్రికి చేర్చాడు. ఆ పావుగంటా ఆయన తను చేసిన ఇంటి బయట నిలబడి, తను చేసిన తలుపుకేసి చూస్తూ ఉండిపోయాడు.

రెండు నెలలకు ఇంటికి పంపించే మాట వచ్చింది. ఎడమ పక్క స్వాధీనంలోకి రాలేదు. మాట ముద్దగా వస్తోంది. ఇంటికి పంపే ముందు ఆ ఇల్లు చూసి సంతకం చేయాల్సిన ఆస్పత్రి అమ్మాయి ఒకరోజు టేపు పట్టుకుని వచ్చింది. ఎవరూ చెప్పకుండానే మెట్టు దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చిందా పిల్ల. పొయ్యినీ అరల్నీ చేత్తో తడిమి చూసి, ఇంత ముచ్చటైన ఇల్లు తను చూడలేదంది. తరవాత టేపు తీసి, తీసింది తీసినట్టే పట్టుకుని నిలబడింది.

"తాతగారూ, చక్రాల కుర్చీ తిరగాలంటే ఐదడుగులు ఉండాలండి."

"రేకు నుంచి రేకుకు ఐదడుగుల రెండంగుళాలమ్మా. చెక్క తొడుగు పోగా నాలుగూ పది."

"తొడుగు తీసేస్తేనో?"

"తీసేస్తే కుర్చీ తిరుగుతుంది. మంచం ఉండదు, పొయ్యి ఉండదు. ఆవిడ తిరగడానికి చోటుంటుంది గాని ఉండడానికి ఇల్లుండదు."

ఆ అమ్మాయి టేపు చుట్టేసింది. చివరికి, ఆవిణ్ణి లేపి కూర్చోబెట్టాలంటే ఎప్పుడూ ఇద్దరు మనుషులు కావాలనీ, ఆయన ఒక్కడివల్ల కాదనీ, సంతకం చేసి ఆవిణ్ణి ప్రమాదంలో పెట్టలేననీ తల వంచుకుని చెప్పింది. ఆయనే ఆ పిల్లను ఓదార్చి, మెట్టు దగ్గర చెయ్యి పట్టి దించాడు.

అయినా మనసు ఊరుకోలేదు. షెడ్డు నేల మీద బండి కొలతకు సుద్దతో పెద్ద గీత గీశాడు. అందులో మంచం, కుర్చీ, పొయ్యి గీసి, చెరిపి, మళ్ళీ గీశాడు. మూడు రోజులు అదే పని. మెకానిక్కులు ఆ గీతలు తొక్కకుండా చుట్టూ తిరిగి నడిచారు. లారీలను కూడా పక్కనుంచే పోనిచ్చారు. మూడో రోజు యజమాని పక్కన గొంతుక్కూర్చుని, వెనక పడున్న బస్సు డొక్కు ఇస్తాను, అందులో ఎంత చోటు కావాలంటే అంత చోటు ఉంటుందన్నాడు.

ఆయన సుద్దముక్క కింద పెట్టాడు. "చోటుదేముంది బాబూ, ఎలాగోలా పుట్టిస్తాను. ఆవిణ్ణి అటుపక్క పట్టుకునే రెండో మనిషిని ఎక్కణ్ణుంచి చెక్కను?"

ఆ రాత్రి ఆయన ఇంటి గురించి దేవుణ్ణి ఏమీ అడగలేదు. అడిగితే దేవుడికి కూడా కష్టమవుతుందేమో అనిపించింది.

మంచాన పడ్డవాళ్ళను చూసుకునే హోమ్‌లో ఆవిణ్ణి చేర్చారు. మంచి చోటే. ఆడవాళ్ళ గదిలో ఆరు మంచాలు, పెద్ద కిటికీలు. మొదటిరోజు సాయంత్రం ఆయన వెళ్ళేసరికి ఆవిడ ఒక పక్కకు ఒరిగి, ఎడమ భుజం మంచం కమ్మీకి నొక్కుకుపోయి ఉంది. తనంతట తను సర్దుకోలేదు. పక్కన కూర్చుని, నవ్వించాలని, "ఎందాకా వెళ్ళావు?" అన్నాడు.

ఆవిడ సగం నోటితో, "జారిపోతున్నా" అంది.

ఆయన లేచి మంచానికి అడ్డంగా వేసే అన్నం పలక మీద గ్లాసు నింపి పెట్టాడు. నీళ్ళు ఎడమ అంచును తడిపాయి. కిందికి చూస్తే సంగతి తెలిసింది. కడిగిన నీళ్ళు తూము వైపు పోవాలని గది నేలను కాస్త వాలుగా పరిచారు. నడిచేవాళ్ళ కాలికి ఆ వాలు తెలియదు.

మర్నాడు రెండు ఏటవాలు చెక్కలు చిత్రిక పట్టి తెచ్చి మంచం చక్రాల కింద పెట్టాడు. నీళ్ళు సమంగా నిలిచాయి. ఆవిడ తల నిటారుగా నిలిచింది. ఆ తరవాతి సాయంత్రం వచ్చేసరికి చెక్కలు మూలన చీపురు పక్కన ఉన్నాయి. ఆవిడ మళ్ళీ కమ్మీకి ఆనుకుని ఉంది. రోజూ పొద్దున నేల తుడవడానికి మంచాలన్నీ పక్కకు నెడతారు, మళ్ళీ తెచ్చి పెడతారు. ఒకరోజు నిలిచిన చోట ఇంకోరోజు నిలవవు. పొద్దున ఒక్క పది నిమిషాలు రానివ్వమని ఆయన హోమ్ నడిపే పెద్దావిణ్ణి అడిగాడు. ఆ పెద్దావిడ కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెప్పింది, పొద్దున పూట ఆడవాళ్ళందరికీ స్నానాలు చేయించే వేళ, మగవాళ్ళు రాకూడదు, నాలుగు నుంచి ఆరు దాకానే రావాలి అని. ఆ మాటలో తప్పు వెతికినా ఆయనకు దొరకలేదు. దండం పెట్టి లేచి వచ్చేశాడు.

ఆ గదిలో పనిచేసే ఆయా ఒకావిడ ఉంది. భారీ మనిషి, గొంతు పెద్దది. అన్నం తినిపించేటప్పుడు మాత్రం చెంచాలోది చల్లారిందో లేదో తన మణికట్టు మీద చూసుకుని గాని నోటికి అందించదు. ఆయన అది రెండు సాయంత్రాలు గమనించాడు. మూడో సాయంత్రం ఆరింటికి, డ్యూటీ దిగి వస్తున్న ఆయా కోసం గేటు దగ్గర గుడ్డ సంచితో నిలబడ్డాడు.

"ఏంటి పెద్దాయనా, ఇంకా వెళ్ళలేదా? అమ్మ పడుకుందిలే" అందావిడ.

ఆయన సంచిలోంచి చెక్కలు రెండూ, స్టీలు గ్లాసూ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"నీకు పని పెంచుతున్నానమ్మా, ఏమనుకోకు. రోజూ తుడవడం అయ్యాక, మంచం చోటుకి నెట్టాక, అన్నం పలక మీద ఈ గ్లాసు అంచుదాకా నింపి పెట్టు. నీళ్ళు ఏ పక్క తడిపితే ఆ పక్క చక్రాల కింద ఈ చెక్కలు పెట్టి కాలితో రెండు తట్లు తట్టు. అంతే. తరవాత ఆ నీళ్ళు చెంచాతో ఆవిడకు పట్టు. సగం తాగి ఆపేస్తుంది, బలవంతం చేయకు. మిగిలిన సగం మాత్రం పారబొయ్యకమ్మా. మూతపెట్టి ఉంచు. నాలుగింటికి నేనొచ్చి తాగుతాను."