అత్తయ్య సినిమా ఆపించే చోటు

చీకటిని మాత్రమే చూపించే కథ నిజాన్ని చూపించినట్టేనా? ఈ ప్రశ్న చాలా ఏళ్లుగా నాతోనే ఉంది. దీని మీద నాతో వాదించే మనిషి పోయిన వారం ఏలూరులో కన్నుమూశారు. తాడేపల్లిగూడెంలో క్లాసు ముగించి బయటికొస్తుంటే నాకు ఫోను వచ్చింది. ఆవిడ మా మేనత్త, కలిదిండి దగ్గర బడిలో పనిచేసి రిటైరైన టీచరు.

అత్తయ్యకి వరస హత్యల సినిమాలంటే ఇష్టం. ఆదివారం చర్చి నుంచి రాగానే, చీరైనా మార్చుకోకుండా, అద్దెకు తెచ్చిన సీడీ పెట్టమనేవారు. హంతకుడెవరో సగంలోనే చెప్పేసేవారు. తప్పయితే, "డైరెక్టరుకి తెలీలేదు" అనేవారు.

మొదటి శవం కనబడగానే మాత్రం సినిమా ఆపించేవారు.

"లే. నిలబడి ఈ పిల్ల గురించి ఒక మాట చెప్పు."

మా క్రైస్తవుల ఇళ్లలో మనిషి పోతే జ్ఞాపకార్థ కూడిక పెడతారు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే లేచి, పోయినవాళ్ల గురించి ఓ మాట చెబుతారు. ఆ నాలుగు రోజులూ ఇరుగుపొరుగు ఆ ఇంటికి కేరేజీల్లో అన్నం, కూర పంపుతారు. సినిమాలో చనిపోయిన పిల్లకి ఆ కూడిక నేను జరపాలన్నమాట.

"ఏం చెప్పనండీ అత్తయ్యా? పేరైనా చెప్పలేదు వాళ్లు."

"ఆ హంతకుడు చిన్నప్పుడు ఎన్ని దెబ్బలు తిన్నాడో చెప్పారుగా. ఈ పిల్లకి ఇల్లు లేదా? ఆ ఇంటికి కాస్త కూర పంపేవాళ్లే లేరా?"

"పంపితే ఇంక భయమేముంటుందండీ? లోకం అంత కఠినమని చెప్పడమే వాళ్ల ఉద్దేశం. అదే రియలిజం."

"సగం చూపించి లైటు తీసేయడమా? యూనివర్సిటీలో నేర్చుకొచ్చింది ఇదేనేంటే?"

అలా వాదించుకుంటున్న రోజుల్లోనే, ఆవిడ దగ్గర చదువుకున్న ఒకమ్మాయి చేపల చెరువు గట్టు పక్కన శవమై కనిపించింది. ఎవరు చంపారో ఇప్పటికీ తెలీదు. కూడిక నాడు అత్తయ్య కేరేజీ నిండా అన్నం, పప్పుచారు సర్దుకుని నన్ను తోడు రమ్మన్నారు.

ఆ వీధిలో తలుపులన్నీ వేసున్నాయి. పోలీసులు అడుగుతారని భయమో, మరేమిటో. ఇంట్లో ఆ పిల్ల తల్లి, పాస్టరుగారు, మేమిద్దరం. "ఎవరైనా ఒక మాట చెబుతారా?" అని పాస్టరుగారు అడిగితే అత్తయ్య లేచారు.

"ఈ పిల్లకి ఎక్కాలు వచ్చేవి కావు. అడుగుతానని భయపడి, నాకు మంచినీళ్లు తెచ్చిపెట్టేది. నేనూ దాహం లేకపోయినా తాగేదాన్ని."

అంతే చెప్పి కూర్చున్నారు.

తిరుగు బస్సు కొల్లేరు దాటుతుంటే కిటికీలోంచి చూస్తూ, "నీ సినిమావాళ్లు చెప్పేది నిజమేనే" అన్నారు. వాదన గెలిచానని నాకనిపించలేదు.

ఆ వచ్చే ఆదివారం మళ్లీ సీడీ తెప్పించారు. మొదటి శవం దగ్గర మళ్లీ ఆపించారు.

"లే" అన్నారు.

మొన్న అత్తయ్య కూడిక జరిగింది. వీధిలో ప్రతి ఇంటి నుంచీ ఏదో ఒకటి వచ్చింది. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు చాలామంది లేచి మాట్లాడారు. నేను ఈ సినిమాల సంగతే చెప్పాను. కొందరు నవ్వారు.

అందరూ వెళ్తుండగా, చెరువు గట్టు దగ్గర చనిపోయిన ఆ అమ్మాయి తల్లి వచ్చింది. బస్సు ఆలస్యమైందట. చేతిలో కేరేజీ. ఆ రోజు మేం అక్కడే వదిలేసి వచ్చినది, గిన్నెల మీద అత్తయ్య పేరు చెక్కి ఉంది.

"ఖాళీగా తిరిగివ్వలేకపోయానండీ" అని నా చేతికిచ్చింది. మూత తీస్తే చేపల పులుసు.

ఒక్క కేరేజీ వచ్చినంత మాత్రాన ఆ సినిమాలు అబద్ధమైపోతాయా? ఆ రోజు వేసున్న తలుపులు నేను కళ్లారా చూశాను. అత్తయ్య కూడా చూశారు. చీకటి చూడలేక సినిమా ఆపించేవారో, బాగా చూసినందువల్లే ఆపించేవారో నాకు తెలీదు. ఆ కథలు నిజం చెబుతున్నాయో లేదో కూడా తేల్చుకోలేకపోతున్నాను.

కేరేజీ కడిగి వరండాలో బోర్లించాను. గిన్నెలు విడివిడిగా, ఒక్కోదాని మీదా ఆవిడ పేరుతో, ఎండలో ఆరుతున్నాయి.