నాలుగో బెడ్డుకు రెండు దినాలు

నాయన చివరిగా చేసిన పని, తాపీ పిడితో ఒక కాంక్రీటు పలకను తట్టి చూడటం. సాయంత్రం అయిదు దాటింది. రేకుల షెడ్డు కింద నాలుగో బెడ్డు పక్కన గొంతుక్కూర్చుని, ముందురోజు పోసిన పలకను మూడుచోట్ల తట్టి విన్నాడట. లేచి, నల్లబోర్డు మీద సుద్దముక్కతో ‘4 – రేపు ఎత్తాల’ అని రాసి, చేతులు కడుక్కుని ఇంటికి బయలుదేరాడు. దారిలో టీ అంగట్లో బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు. యాభై ఎనిమిదేళ్లు.

ఆయన పేరు పుల్లన్న. సోమందేపల్లె దాటాక హైవే పక్కనే కాంపౌండ్ గోడలకు పలకలు, స్తంభాలు పోసే యార్డులో పదకొండేళ్లు మేస్త్రీ. ఆ యార్డు ఇప్పుడు లేదు, స్థలం చేతులు మారింది. అందుకే ఇది రాయగలుగుతున్నాను.

యార్డులో నాలుగు బెడ్లు. బెడ్డంటే వరసగా పరిచిన ఇనుప అచ్చులు. రెండు బెడ్లు ఎండలో, రెండు షెడ్డు నీడన. పోసిన కాంక్రీటు గట్టిపడేదాకా ఆ అచ్చు ఇంకో పనికి రాదు. తొందరపడి ఎత్తితే పలక మూల విరుగుతుంది, ఆలస్యం చేస్తే అచ్చు ఊరికే పడి ఉంటుంది. ఏ దినం ఏ బెడ్డులో ఏం పోయాలి, ఏది ఎత్తాలి అన్నది నాయన పొద్దున గేటు దగ్గర నిలబడి నిర్ణయించేవాడు. చదివింది ఏడో తరగతి. పలక పచ్చిగా ఉందో లేదో తట్టి, చప్పుడు విని చెప్పేవాడు. గట్టిపడిన పలక ఖంగుమంటుంది.

యజమాని సందీప్ బెంగళూరులో ఒక పెద్ద యార్డు చూసి వచ్చాడు. అక్కడ ఇదంతా కంప్యూటరు లెక్క వేస్తుందట. నేను లెక్కల్లో ఎం.ఎస్సీ. చేశానని ఆయనకు తెలుసు. మనకూ ఒకటి తయారు చెయ్యమని నాయన ద్వారా కబురు పెట్టాడు. ఎందుకో కూడా దాచలేదు. వస్తున్న ఆర్డర్లకు మూడు బెడ్లు చాలితే నాలుగోది తీసేస్తానన్నాడు. నాలుగూ కావాలన్నది నాయన మాట. నాలుగో బెడ్డు అంటే ఆంజినమ్మ, ఆమెతో పాటు ముగ్గురు ఆడవాళ్లు. తొమ్మిదేళ్లుగా ఆ బెడ్డు మీదే పనిచేస్తున్నారు. బెడ్డు పోతే వాళ్లూ పోవాల్సిందే.

ఒక ఆదివారం నాయన్ని కూర్చోబెట్టి అడిగాను. అచ్చులెన్ని, గంటకెన్ని పోస్తారు, నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుంది. అన్నీ తడుముకోకుండా చెప్పాడు. పోసిన ఎన్నాళ్లకు ఎత్తుతారని అడిగినప్పుడు మాత్రం బీడీ వెలిగించుకున్నాకే చెప్పాడు.

"బయట రెండిటికీ ఒక దినం. షెడ్డు కింద రెండిటికీ రెండు దినాలు."

"అంత తేడానా?"

"నీడలో పోసింది నిదానంగా గట్టిపడతాది. మీ పుస్తకాల్లో రాసుండదా?"

రాసి ఉంది. కంప్యూటర్లో రెండు అని కొట్టాను.

అచ్చుల వరసలు, దినాలు, ఆర్డర్లు అన్నీ ఎక్కించాక ప్రోగ్రాం వేలకొద్దీ వరసలు పోల్చి చూసి మంచిది ఏరుతుందని ఆయనకు వివరించాను. బీడీ ఒకటి కాల్చేలోపల తనూ ఏరతానన్నాడు. నిజంగానే మొదటి వారం ప్రోగ్రాం ఇచ్చిన వరస, ఆయన మనసులో అనుకున్న వరస దాదాపు ఒకటే అయ్యాయి.

జవాబు తేలికగానే వచ్చింది. ఎండలోవి రోజూ, నీడలోవి దినం మార్చి దినం పోస్తే నాలుగు బెడ్ల మీద రోజుకు సగటున మూడు పోతలు పడతాయి. ఆర్డర్లకు కావలసిందీ మూడే. షెడ్డు కింద ఒక బెడ్డు తీసేస్తే రెండున్నరకు దిగుతుంది, సరుకు సమయానికి అందదు. సందీప్ కాగితం రెండుసార్లు చదివాడు.

"ఏమప్పా పుల్లన్నా, బిడ్డ చేత గూడా నీ మాటే పలికించినావే."

"నా బిడ్డ గదా సార్" అన్నాడు నాయన.

ఆ దినం ఇంటికొస్తూ మైసూరుపాకు తెచ్చాడు. నా లెక్క చూసి మురిసిపోయాడనుకున్నాను.

అంతకు రెండు దినాల ముందు, ఊరికే చూద్దామని, షెడ్డు కింద కూడా ఒకే దినం అని మార్చి నడిపాను. మూడు బెడ్లు చాలని వచ్చింది. ఆ సంగతి చెబితే నాయన కంచంలోంచి తలెత్తలేదు.

"జరగని లెక్క అది. తుడిపెయ్యి. సార్‌కి చూపియ్యాకు."

తుడిపేశాను. నేను పాఠాలు చెప్పే కాలేజీలో పిల్లలకు ఈ యార్డు లెక్కనే ఉదాహరణగా చెప్పేదాన్ని. వివరాలు తెలిసిన మనిషి దగ్గర తీసుకున్నాను కాబట్టి లెక్క తప్పదని కూడా చెప్పేదాన్ని.

ఆయన పోయిన పదిహేనో దినం వస్తువులు తెచ్చుకోవడానికి యార్డుకు పోయాను. తాపీ, తువ్వాలు, ఒక జత చెప్పులు. బోర్డు మీద ఆయన రాసింది ఎవరూ తుడపలేదు, దాని కింద వేరే చేతిరాతతో రాసుకుంటున్నారు. కొత్త ఆర్డర్లు వచ్చాయి, లెక్క మళ్లీ వెయ్యమన్నాడు సందీప్. పాత అంకెలు సరిచూసుకుందామని, పలకల మీద కప్పే గోనెపట్టలు తడుపుతున్న ఆంజినమ్మను అడిగాను, ఈ షెడ్డు కింద పలకకు రెండు దినాలే కదా అని.

ఆమె చుట్టూ చూసి, చేతిలోని పట్టను కింద పెట్టింది.

"నీతో గూడా అట్లే చెప్పినాడా మీ నాయన? నీకు తెలిసే రాసినావనుకుంటిమి గదమ్మా మేము."

ఇంత ఎండల ఊళ్లో షెడ్డు నీడ ఏపాటిది, మర్నాడు మధ్యాహ్నానికే పలక గట్టిపడుతుందని చెప్పింది. అయినా నాయన రెండో దినందాకా ఎత్తనిచ్చేవాడు కాదట; సందీప్ వచ్చే శనివారాలు ఎవరూ ఆ పలకల జోలికి పోకుండా తడిపట్టలు కూడా కప్పించేవాడట. నలుగురికీ తెలుసు. షెడ్డు కింద ఇంకో బెడ్డు మీది వాళ్లకూ తెలుసు.

కొత్త లెక్కలోనూ రెండు అనే ఉంచాను.

బయటికొస్తుంటే ఆంజినమ్మ గేటుదాకా వచ్చింది. ఆ చివరి సాయంత్రం తను పక్కనే నిలబడి ఉన్నానంది. నాయన మూడుచోట్ల తట్టాడు. మూడుచోట్లా పలక ఖంగుమందట.