పెట్టె తీసుకుపో

ఒక్క మాట వింటే మా ఆయనకి ఒళ్లు మండుతుంది: "పెట్టె తీసుకుపో." ఆయన నడిపే కేబుల్ వద్దనుకున్న వాళ్లు టీవీ కింది పెట్టె ఊడదీసి, గుమ్మంలోనే ఆయన చేతిలో పెట్టి అనే మాట అది. ఇప్పుడు వీధి వీధంతా అదే పాట. అన్నీ ఫోన్లోనే వస్తున్నాయట. వాపసొచ్చిన పెట్టెలు మా ముందు గదిలో గోడెత్తు పేరుకున్నాయి. సోఫాలో కూర్చోవాలంటే పక్కకి తిరిగి నడవాలి.

నాకేం జాలి లేదు. వెలిగిన రోజుల్లో ఆయన ఎవరిమీద జాలి చూపాడు గనక? దర్జీ భార్య ఎదురు మాట్లాడిందని, సరిగ్గా ఫైనల్ మ్యాచ్ పూట వాళ్ల వైరు పీకేసి వచ్చాడు. కరెంటు పోయి సీరియల్ తప్పిపోయిందని ఎవరైనా మొత్తుకుంటే, "నీ కోసం ఆపుతారా?" అని మీసం దువ్వుకునేవాడు. అందరి దగ్గరా అదే జవాబు.

నెల కిందట నెట్ కంపెనీవాడు మా స్తంభాల మీదుగానే సన్నటి నల్ల వైరు లాగించాడు. మొన్న అది కంటబడగానే ఈయన వైర్లు కోసే ప్లయరు జేబులో వేసుకున్నాడు.

"ఆ వైరు ఏ కొంపలో దూరిందో చూసి, వాళ్ల ముందే కోసేస్తా. నా కడుపు కొట్టి నవ్వుకుంటారా?"

నేను ఆపలేదు. వంటింట్లో బెండకాయలు తరుగుతూ కూర్చున్నాను.

వైరు వెంటే డాబాలెక్కాడు. దర్జీ ఇల్లు వస్తే దర్జీని, ఇస్త్రీ కొట్టు వస్తే ఇస్త్రీవాణ్ణి తిట్టుకుంటూ నడిచాడు. వైరు ఎక్కడా ఆగలేదు. మా పిట్టగోడ దిగి, మా వంటింటి కిటికీలోంచి లోపలికొచ్చింది.

కిటికీ బయట నిలబడి నన్ను చూశాడు.

"నువ్వా?"

"నేనే. అత్తయ్య కోసం."

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు."

"మీరు పట్టారుగా మరి."

కోసేశాడు. మాట నిలబెట్టుకునే మనిషే, కాదనను.

లోపల మంచం మీద అత్తయ్య ఫోన్లో బొమ్మ ఆగిపోయింది. ఆవిడ అన్ని రోజులుగా ఫోన్ చూస్తున్నా, అందులోకి నెట్టు ఎలా వస్తోందని కన్నకొడుక్కి తోచనే లేదు. ఆయన వ్యాపారం మొదలుపెట్టినప్పుడు మొట్టమొదటి వైరు లాగింది ఆ గదికే. ఇప్పుడు వెళ్లి ఆ గదిలో టీవీయే పెట్టాడు.

"ఇందులో చూడమ్మా. పెద్దగా కనిపిస్తుంది. నీ సీరియల్ ఇందులోనూ వస్తుంది."

"మాత్ర వేసుకుంటే కునుకు పట్టేస్తుంది రా. లేచేసరికి అయిపోతుంది. ఫోన్లో అయితే ఎక్కడ వదిలానో అక్కడే ఉంటుంది. నీ టీవీలో నా కోసం ఆపుతారా?"

ఎత్తిపొడుపు కాదు. ఆవిడ నిజంగానే అడిగింది. నా కడుపు చల్లబడింది, దాచుకోవడం ఎందుకు.

ఆవిడ కాసేపు చూసి, అటు తిరిగి పడుకుంది.

"ఆ నెట్టబ్బాయిని పిలిచి వైరు అతికించమను. ఆ పెట్టె తీసుకుపో నాయనా."

ఊడదీశాడు. కొంగు దాకా ఎగిరిన దుమ్ము దులుపుకుని నేను పక్కకి తప్పుకున్నాను. ముందు గదిలోకి తీసుకెళ్లి, మిగతా వాటి మీద పెట్టాడు.