ఎర్ర బల్బు ఆరిపోయాక ఎల్లమ్మ చెప్పిన మాట

దయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదటి నుంచీ నవ్వులాటే. మా వీధిలో ఎవరికైనా తెల్లచీర కనబడిందంటే, ధర్మవరం చీరా కాదా, అంచు చూశావా అని ఏడిపించేవాణ్ణి. ఇప్పుడు ఎనభై దాటాయి. ఇప్పటికీ దయ్యాన్ని చూశానని చెప్పను. నేను చెప్పబోయేది పట్టపగలు, అనంతపురం బజారులో, మా సొంత అంగట్లో జరిగింది. ఇందులో భయపడాల్సింది ఏమైనా ఉందో లేదో మీరే చూడండి. సిగ్గుపడాల్సింది మాత్రం చాలా ఉంది, అదంతా నాదే.

యాభైల చివర్లో నేనూ మా బావా కలిసి ఒక చిన్న రికార్డుల కంపెనీ పెట్టాం. దాని పేరు ఇక్కడ రాయను, రాసినా గుర్తుపట్టేవాళ్ళు లేరు. మొదట మాది పెళ్ళిళ్ళకు మైకుసెట్లు అద్దెకిచ్చే అంగడి. జనం సినిమా పాటలు ఎంత అడిగేవాళ్ళో, మన పాటలు లేవా అని కూడా అంతే అడిగేవాళ్ళు. వేరుశనగ చేలల్లో కలుపు తీస్తూ పాడే పాటలకు హార్మోనియం, తబలా తగిలించి రికార్డులు చేస్తే ఎట్లా ఉంటుందని బావకు తోచింది. పాడేవాళ్ళను రైల్లో మద్రాసు తీసుకుపోయి అక్కడ రికార్డు చేయించేవాళ్ళం. ఒక్కో పక్కకు మూడు నిమిషాలు, అంతే.

మా రికార్డులకు ఒక గుర్తు ఉండేది. మా వైపు పల్లెల్లో పాడేవాళ్ళు పాట అయిపోగానే తమ పేరూ ఊరూ చెప్పుకుంటారు. ఆ అలవాటును మేము అట్లాగే ఉంచాం. పాట ముగిశాక ఒక క్షణం ఆగి, ఫలానా ఊరి ఫలానావాణ్ణి అని పాడినవాళ్ళ గొంతే వినబడేది. పెళ్ళి పందిట్లో జనం ఆ మాట కోసం చెవులు రిక్కించి కూర్చునేవాళ్ళు. తమ ఊరి పేరు వస్తే ఈలలు వేసేవాళ్ళు.

ఎల్లమ్మ నాకు యాడికి అనే ఊళ్ళో దొరికింది. సున్నపుబట్టీల దగ్గర కూలిపని చేసేది. ఆమె గొంతు విన్నాక నేను బండరాయి మీద అరగంట అట్లాగే కూర్చుండిపోయాను. వాళ్ళది నల్లమాడ వైపు పల్లె. వానలు లేక ఊరు విడిచారు. ముసలి తండ్రితో ఈమె యాడికి చేరితే, చెల్లెలు గంగమ్మ మొగుడితో కలిసి తుంగభద్ర కాలువ పనులకు పోయింది. ఇద్దరికీ చదువు రాదు. ఎవరు ఎక్కడున్నారో రెండోవాళ్ళకు తెలియదు. అట్లా ఆరేళ్ళు గడిచాయి. తండ్రి ఈలోగా చనిపోయాడు.

మద్రాసు వస్తావా అని అడిగితే ఎల్లమ్మ ఒక్కటే అడిగింది. "నా పేరు, నేనుండే తావు చెప్పుకోనిస్తావా అప్పా? మీ పాటలు అన్ని పెండ్లిళ్ళల్లోనూ ఏస్తారంట కదా. మా గంగి యాడుండాదో, యాదో ఒక పెండ్లిలో ఇంటాది."

"దాని కోసమే కదమ్మా తీసకపోతాండేది" అన్నాను. అప్పుడు నిజంగానే అన్నాను.

తీరా బయలుదేరే ముందు బావ అడ్డం తిరిగాడు. టౌన్లలో రికార్డులు అమ్మేవాళ్ళకు కూలిదాని పేరు నచ్చదని, సినిమా గాయని పేరులాంటిది ఉండాలని, కుమారి సుహాసిని అని లేబుళ్ళు అచ్చు వేయించేశాడు. లేబుల్ మీద సుహాసిని, లోపల ఎల్లమ్మ అంటే కుదరదు కదా అన్నాడు. నేను వాదించలేదు. వాదించి ఓడిపోయానని రాసుకుంటే బాగుండేది, కానీ అసలు నోరే తెరవలేదు.

మద్రాసు రికార్డింగ్ థియేటర్లో ఎర్ర బల్బు ఒకటి ఉండేది. అది వెలుగుతున్నంతసేపే రికార్డు అవుతుంది. ఎల్లమ్మకు ఆ సంగతి తెలియదు, నేను చెప్పలేదు. పాట ముగియగానే ఆపేయమని ఇంజనీరుకు ముందే చెప్పి పెట్టాను. ఆమె పాడింది. బల్బు ఆరిపోయింది. వాయిద్యాల వాళ్ళు తమిళులు, కాఫీకని లేచి వెళ్ళిపోయారు. నేనొక్కణ్ణే ఆమె పక్కన ఉన్నాను. ఆమె నా చేతి సైగ కోసం చూస్తోంది. నేను చెయ్యి ఎత్తాను.

ఆమె ఆ చచ్చిన మైకుకు ఇంకా దగ్గరగా జరిగి చెప్పింది. "నేను ఎల్లమ్మను. యాడికిలో సున్నపుబట్టీల కాడ ఉండా. నాయన పోయినాడు గంగీ. నువ్వు యాడుండావో, రా."

తండ్రి మాట చెప్పమని నేను అనలేదు. అది ఆమె సొంతంగా కలుపుకుంది. చెప్పి, బాగా చెప్పినానా అన్నట్టు నా వైపు చూసింది. నేను తలూపాను.

రికార్డు వచ్చాక ఒక కాపీ ఇచ్చాను. ఆమెకు గ్రామఫోన్ ఎక్కడిది? గుడిసెలో దేవుడి పటం పక్కన గోడకు వేలాడదీసుకుంది, కుమారి సుహాసిని అనే పేరు పైకి కనబడేటట్టు.

ఏడాదిన్నర పోయింది. ఒక మిట్టమధ్యాహ్నం మా అంగటికి ఒకామె వచ్చింది. కాళ్ళకు దుమ్ము, చంకలో మూట. అంగట్లో నేనూ, సెట్లు బాగుచేసే మెకానిక్ దస్తగిరీ ఉన్నాం.

"మా అక్క పాట ఈడ అమ్ముతారంటనే" అంది.

పేరు గంగమ్మ. విడపనకల్లు దగ్గర ఒక పెళ్ళిలో గిన్నెలు తోముతుంటే మైకులో పాట వచ్చిందట. గొంతు పోల్చుకుందట.

గొంతును బట్టి పోల్చుకుంది, సహజమే అనుకున్నాను. అప్పుడు ఆమె కళ్ళు తుడుచుకుంటూ అంది. "పాట అయినాంక మా అక్క పేరు చెప్పె. నాయన పోయినాడు గంగీ అనె. ఊరి పేరు చెప్తాంటే పిల్లోల్లు అరిసిరి, ఇనపల్యా. ఇంగోసారి ఎయ్యమంటే మైకాయప్ప కసురుకున్యాడు. రికార్డు మింద మీ అంగడి పేరు సదివిచ్చుకోని వస్తి. ఒక్కసారి ఎయ్యప్పా, ఊరి పేరు ఇనుకోని పోతా."

ఆ మాటలు రికార్డులోకి ఎక్కనే లేదు. ఊరు నేనే చెప్పొచ్చు కదా. చెప్పలేదు. నిజం చెప్పాలంటే, ఆమె పొరపడిందని నాకు నేను రుజువు చేసుకోవాలనుకున్నాను. కట్ట విప్పి కొత్త కాపీ తీసి, ముల్లు మార్చి పెట్టాను.

పాట అయిపోయింది. ఆ తర్వాత ముల్లు గరగరమన్న చప్పుడు. నాకు వినబడింది అంతే.

గంగమ్మ మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గ్రామఫోన్ పెట్టె వైపు వంగిపోయింది. కాసేపటికి తలెత్తి, "యాడికి, సున్నపుబట్టీల కాడ" అంది.

నేను ఆమెకు ఊరు చెప్పలేదు. లేబుల్ మీద ఎల్లమ్మ ఊరు లేదు. దస్తగిరి చేతిలో పని ఆపి నా వైపు చూశాడు. "ఏమన్నా, ఇన్నిసార్లు ఏసినాం, పాట కడాకు ఈ మాటలు ఎప్పుడూ ఇన్లేదే" అన్నాడు. అతనికీ వినబడ్డాయి. నేను మళ్ళీ పెట్టాను. చెవి ఆనించి విన్నాను. గరగరే.

ఆ సాయంత్రం బస్సులో గంగమ్మను నేనే యాడికి తీసుకుపోయాను. ఎల్లమ్మ తలనిండా సున్నం పడి ముసలిదానిలా ఉంది. చెల్లెల్ని చూసి చేతిలో గంప కింద పడేసింది. ఇద్దరూ నేల మీద కూలబడి ఏడుస్తుంటే నేను దూరంగా నిలబడ్డాను. కొంతసేపటికి ఎల్లమ్మ లేచి నా దగ్గరకు వచ్చి, ఆ సున్నం చేతులతోనే దండం పెట్టింది.

"మాట నిలబెట్నావప్పా" అంది.

కాదమ్మా అనాలి. నాలుక మీదికి వచ్చింది కూడా. గంగమ్మ చూస్తోంది, బట్టీల దగ్గరి కూలోళ్ళందరూ చూస్తున్నారు. నేను నవ్వి, దండం తీసుకున్నాను.

తర్వాత మద్రాసు పోయినప్పుడు ఇంజనీరును అడిగాను. మీరు చెప్పినట్టే పాట కాగానే ఆపేశాను కదా అన్నాడు. మిగిలిన కాపీలన్నీ ఒక్కొక్కటే వేసి విన్నాను. దేంట్లోనూ లేదు. దస్తగిరిని మళ్ళీ వినమని అడగడానికి ధైర్యం చాలలేదు. కొన్నేళ్ళకు కంపెనీ మూతపడింది. బావకు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

ఎల్లమ్మ పోయి చాలాకాలమైంది. ఒక కాపీ నా పెట్టెలో ఉంది. ఎప్పుడైనా ఇంట్లో ఎవరూ లేనప్పుడు వేసుకుంటాను. ఇంకెవరి ముందూ వేయను. వాళ్ళు తలెత్తి, ఎవరీ ఎల్లమ్మ అని అడుగుతారేమోనని భయం. ఇది ఎట్లా జరిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ రోజు బట్టీ దగ్గర కాదమ్మా అన్న ఒక్క మాట అని ఉంటే నాకూ వినబడేదేమో, అదీ తెలియదు. పాట అయిపోయాక ముల్లు అరిగేదాకా వింటూ కూర్చుంటాను.