మా కాలేజీలో వర్సటిలిటీ

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారానికి ప్రిన్సిపాల్ మా అందరినీ కూర్చోబెట్టి, వచ్చే ఏడాది ఇంగ్లీషుకు ఒక్క లెక్చరరే ఉంటారని చెప్పారు. నరసరావుపేటలో మాది మధ్యరకం ప్రైవేటు జూనియర్ కాలేజీ. ఇంగ్లీషు చెప్పేవాళ్ళం ఇద్దరం. పంతొమ్మిదేళ్ళుగా నేను, మూడేళ్ళుగా అతను.

"సబ్జెక్టు వస్తే సరిపోయే రోజులు పోయినయ్ సార్. వర్సటిలిటీ ఉండాల, ఏ పని చెప్పినా రావాల. ఈ అడ్మిషన్లు అయ్యేదాకా చూసి, ఎవరో జూన్‌లో చెప్తా" అన్నారాయన. స్టాఫంతా అతనివైపు చూశారు. నేనూ చూశాను.

అతనికి రానిది లేదు. సివిక్స్ మేడమ్ సెలవు పెడితే సివిక్స్ చెబుతాడు. ప్రొజెక్టర్ ఆగిపోతే బల్లెక్కి బాగుచేస్తాడు. డ్రైవర్ రాని రోజు వ్యాను తోలుకొస్తాడు. వార్షికోత్సవంలో మైకు అతనిదే. కాలేజీ పేరుతో ఫోన్లలో తిరిగే వీడియోలన్నీ అతను తీసినవే. వాళ్ళ నాన్న క్వారీలో పనిచేశాడని, సెలవుల్లో తనూ రాళ్ళు మోశానని దాచుకోకుండా చెబుతాడు. అది వింటే నాకు కడుపు మండేది. అతను చెప్పుకోగలిగినట్టు నా సంగతులు నేను చెప్పుకోలేను.

కారంపూడి దగ్గర ఒక ఊళ్ళో ఒకప్పుడు మా తాతగారి మాటతో తగాదాలు తెగేవి. పొలం ఆయన హయాంలోనే పోయింది. మేడ నాన్నగారి హయాంలో పోయి, ఇప్పుడు ఎరువుల గోడౌను అయింది. మాకు మిగిలింది వంగని నడుము ఒక్కటే. "ఒక్క పని చెయ్యి, వంక పెట్టలేకుండా చెయ్యి. పది పనులు చేసేవాడికి పదీ రావురా" అనేవారు నాన్నగారు. తనకా ఒక్క పని ఏదో తేల్చుకోకుండానే ఆయన వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి వర్సటిలిటీ అనే మాట పుట్టుక వెతికాను. ఎక్కడైనా మచ్చ దొరుకుతుందేమోనన్నదే నా ఆశ. దొరికింది. లాటిన్‌లో తిప్పడం, తిరగడం అనే అర్థమున్న ధాతువు దానికి మూలం. ఇరుసు మీద తిరిగే వస్తువును ఆ మాటతో చెప్పేవారు. ఇంగ్లీషులోకి వచ్చిన తొలిరోజుల్లో దాన్ని మనిషిని మెచ్చుకోవడానికే కాదు, నిలకడ లేనివాడని ఎత్తిపొడవడానికీ వాడారు. పోనుపోను ఎత్తిపొడుపు అరిగిపోయి మెప్పు మిగిలింది. ప్రిన్సిపాల్‌కు ఈ చరిత్ర తెలియదు, నాకు తెలుసు. మూడు రోజులు ఆ సంతోషంతో హాయిగా తిరిగాను.

నాలుగో రోజు ఇంకొంచెం చదివాను. చదవకుండా ఉండాల్సింది. గడ్డిజాతి పూలలో పుప్పొడి తిత్తి సన్నటి కాడకు నడిమధ్యన అతుక్కుని గాలికి ఎటైనా ఊగుతుందట. ఆ అమరికకు వృక్షశాస్త్రంలో ఇదే మాట. అలా ఊగితేనే పుప్పొడి రాలేది, మన జొన్నకంకి గింజ పట్టేది. గుడ్లగూబ కాలివేళ్ళలో ఒకటి ముందుకూ వెనక్కూ కూడా తిరుగుతుంది, దానికీ ఇదే మాట. పద్యపాదానికి ఇంగ్లీషులో ఉన్న వర్స్ అనే పేరు కూడా ఆ ధాతువులోంచే వచ్చింది. దుక్కిచాలు చివర నాగలి మళ్ళడం దాని మొదటి అర్థం. మళ్ళడం రాని నాగలి ఒక్క చాలు దున్ని గట్టుకు కొట్టుకుంటుంది. వర్సటిలిటీకి తెలుగులో మనం వాడే బహుముఖ ప్రజ్ఞలో ముఖాలున్నాయి గానీ కదలిక లేదు. కుర్చీలో కూర్చున్న మనిషికి శాలువా కప్పి ఆ బిరుదు ఇవ్వవచ్చు. ఇంగ్లీషు మాటకు మాత్రం మనిషి లేచి కదలాలి.

మే నెలలో క్యాన్వాసింగ్ మొదలైంది. మా ప్రైవేటు కాలేజీల్లో పాఠం చెప్పేవాళ్ళే ఎండల్లో ఊళ్ళు తిరిగి, పది పాసైన పిల్లల ఇళ్ళకు వెళ్ళి, మా దగ్గర చేర్పించమని అడగాలి. ఇన్నేళ్ళూ ఆఫీసులో ఫారాలు చూస్తానని తప్పించుకున్నాను. ఈసారి ప్రిన్సిపాల్ మా ఇద్దరినీ ఒకే బండి మీద కారంపూడి వైపు పంపారు. జాబితాలో మా తాతగారి ఊరు కూడా ఉంది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పిలవని గడప తొక్కం. పిలిచినా మొదటి పిలుపుకు కదలం, రెండోసారి పిలవాలి. అవతలివాళ్ళకు మనమిచ్చే మర్యాద అదేనని నాకు నేర్పారు. క్యాన్వాసింగ్‌కు వచ్చినవాళ్ళను ఒక్కసారైనా ఎవరూ పిలవరని నాకు తట్టనేలేదు. మొదటి ఊళ్ళో మొదటి ఇంటి ముందు బండి దిగి గేటు బయట నిలబడ్డాను. అతను తిన్నగా లోపలికి నడిచాడు.

"అక్కా, పొయ్యి మీద ఏంది? వాసన వీధి చివరికొస్తంది."

"గోంగూరలే. ఎవురబ్బాయా నువ్వు?"

"కాలేజీ సారును. ముందు మజ్జిగియ్యి, తర్వాత చెప్తా."

"బయట నిలబడ్డాయనెవరు, కరెంటు మీటరు చూసేటాయనా?"

"మా పెద్ద సారక్కా. ఇంగ్లీషులో ఆయనంత మొనగాడు ఈ చుట్టుపక్కల లేడు."

"అంత మొనగాడు ఎండలో ఏం జేస్తన్నాడు?"

అతను నన్ను తిట్టినా అంత మండేది కాదు, పొగిడాడు. మధ్యాహ్నానికి అతని చేతిలో ఆరు ఫారాలున్నాయి. అన్ని ఇళ్ళ ముందూ నేను అలాగే నిలబడ్డాను. ఒక్క ఇంట్లోనూ మొదటి పిలుపే రాలేదు.

మా తాతగారి ఊళ్ళో చివరి ఇంటి దగ్గర నన్ను దింపి, అతను బండిలో పెట్రోలు పోయించుకురావడానికి వెళ్ళాడు. వాకిట్లో ఒకావిడ మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. తలెత్తి "ఎవరయ్యా?" అని మళ్ళీ పనిలో పడింది. అది పిలుపు కాదు. అయినా గేటు తీసుకుని లోపలికి నడిచాను. నాకు కొత్తగా బుద్ధేమీ రాలేదు. అతను తిరిగొచ్చేలోపు ఒక్క ఫారమైనా నా చేతిలో ఉండాలన్న కసి, అంతే.

కాలేజీ సంగతి ఎలా ఎత్తుకోవాలో తెలియక మా తాతగారి పేరు చెప్పాను.

"ఎవురు, ఆ పేరుతో పిలిచే గోడౌనోళ్ళా?" అందావిడ.

"ఆ గోడౌను ఒకప్పుడు మా ఇల్లమ్మా."

"అట్నా. నేను కోడలుగా వచ్చిందాన్ని, అయ్యన్నీ నాకు తెలవదు. మా పిల్లకి లెక్కలు బానే వస్తయ్, ఇంగ్లీషంటేనే చానా భయం. నువ్వే చెప్తావా, మా చేత సంతకం పెట్టించుకుని ఇంకెవర్నో పంపుతారా?"

జూన్ తర్వాత నేను ఉంటానో లేదో నాకే తెలియదు. "నేనే చెప్తాను" అన్నాను.

"మాటేగా?"

"మాటే."

ఆవిడ సంతకం పెట్టింది. వెనక్కి తిరిగితే గేటు దగ్గర అతను నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. దారిలో, "సార్, మిగతా ఫారాల్లో కూడా సగం మీరు తెచ్చినట్టు రాయిస్తా" అన్నాడు.

"నీ దానం నాకెందుకయ్యా? బండి తిన్నగా నడుపు" అన్నాను.

జూన్‌లో ఇంగ్లీషు అతనికిచ్చారు. నన్ను లైబ్రరీకి, పరీక్షల సెక్షన్‌కు మార్చారు. రాజీనామా కాగితం జేబులో పెట్టుకునే ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళాను. నాన్నగారైతే ఆ కాగితం బల్ల మీద పెట్టి వచ్చేసేవారు. ప్రిన్సిపాల్ ముందున్న అడ్మిషన్ల జాబితాలో, నేను మాటిచ్చిన ఆవిడ కూతురి పేరు కనిపించింది. కాగితం తీయలేకపోయాను.

"పొద్దున్నే ఏడింటికి, ఇంగ్లీషంటే భయపడే పిల్లలకు ఒక గంట చెప్తాను. లైబ్రరీ పని ఆ తర్వాత" అన్నాను.

"టైమ్‌టేబుల్లో అది లేదు సార్."

"లేకపోతేనేం, చెప్తాను."

పదకొండు మంది వస్తున్నారు. ఆ అమ్మాయి మూడో బెంచీలో కూర్చుంటుంది. రెండు నెలలు నోరు విప్పలేదు. మొన్న ఒకరోజు తనంతట తనే లేచి నిలబడి, ఒక పొడుగాటి వాక్యం తడబడకుండా ఇంగ్లీషులో చెప్పింది.

"చాలా బాగా చెప్పావమ్మా. నేను చెప్పిన పాఠం మళ్ళీ చదువుకున్నావా?"

"లేదు సార్. ఆ సార్ నిన్న ఇంగ్లీషు క్లాసులో యాక్షన్ చేసి చూపించాడు. దాంతో వచ్చేసింది."

ఏం యాక్షనని అడిగాను. మొదట సిగ్గుపడింది, తర్వాత చేసి చూపించింది. పిల్లలంతా పగలబడి నవ్వారు. పంతొమ్మిదేళ్ళలో నా క్లాసులో అంత నవ్వు వినడం అదే మొదటిసారి.