మొక్కు లేని ప్రయాణం

బాగేపల్లిలో నలుగురు కలిసి ఎక్కడికైనా బయలుదేరాలంటే ముందు వీణ ఇంటి గడప తొక్కాలి. ఏ బండి మాట్లాడాలి, ఎప్పుడు లేవాలి, దారిలో టిఫిను ఎక్కడ, వాంతులయ్యే పిల్లల్ని ఏ కిటికీ పక్కన కూర్చోబెట్టాలి, అన్నీ ఆమే చెప్పాలి. ధర్మస్థలకైనా, తిరుపతికైనా, కదిరి తేరుకైనా ఆమె వేసిన ప్లాను తప్పిందని ఆ వీధిలో ఎవరూ అనరు. అన్నా ఆమె ఒప్పుకోదు. ఒకసారి ఘాట్ రోడ్డులో టైరు పంక్చరైతే, "ఇట్లాంటిది ఏదో అయితాదనే ఒక గంట ముందు బయలుదేరదీసినా" అంది. బండిలో ఉన్నవాళ్ళంతా నిజమే కాబోలనుకున్నారు. వీణ ధీమా అలాంటిది.

ఆ ప్రయాణాలన్నిటిలోనూ ఆమె అత్త అక్కయమ్మ ఉండేది. అక్కయమ్మ ఊరు కదలాలంటే ముందు పసుపు గుడ్డలో ఒక రూపాయి ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టాలి. మనవడికి జ్వరం తగ్గితే కదిరికి వస్తాననో, కొడుకు అంగడి నిలబడితే తిరుపతికి వస్తాననో ఆ ముడుపు వెనక ఒక మాట ఉంటుంది. ఆ మాట చెల్లించడానికే ప్రయాణం. గుడి ముందు దిగడం, దర్శనం చేసుకోవడం, ముడుపు హుండీలో వేయడం, అంతే. మిగతా ఆడవాళ్ళు గాజుల అంగళ్ళ ముందు చేరేసరికి ఆమె బండెక్కి తన సీట్లో సర్దుకుని ఉండేది. "వచ్చిన పని అయ్యింది కదమ్మా, పోదాం పాండి, ఇంటికాడ దీపం పెట్టల్ల" అని తొందరపెట్టేది. ఎన్ని ఊళ్ళు తిరిగినా ఆమె చూసింది గుడి వరకే.

వీణ ఈ ఇంటికి కోడలిగా వచ్చింది రాష్ట్ర సరిహద్దు అవతల, ఆంధ్రలోని చిలమత్తూరు నుంచి. వచ్చిన కొత్తలోనే చిక్కబళ్ళాపురం దారిలో గులాబీ తోటలు వెలిశాయి, అన్నీ ప్లాస్టిక్ పైకప్పుల కింద. పూలను కాడ పొడుగును బట్టి వేరుచేసి కట్టలు కట్టడానికి ఆడవాళ్ళు కావాలన్నారు. రెండో బిడ్డ చంకలో ఉండగా వీణ తాను వెళ్తానంది. వీధి వీధంతా నోరు నొక్కుకుంది. కోడలు పొద్దున్నే తోట వ్యాను ఎక్కి పోతే ఆ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారని అక్కయమ్మనే నిలదీసి అడిగారు.

"నేనుండ్లా?" అంది అక్కయమ్మ.

ఆ రోజు నుంచి ఆ ఇద్దరు పిల్లల్నీ పెంచింది ఆమే. కట్టలు కట్టిన వీణ ప్యాకింగ్ షెడ్డు మొత్తానికి సూపర్వైజరయింది. తాను ఏం సంపాదించినా, ఏం కొన్నా, దాని అడుగున అత్త అన్న ఆ ఒక్క మాట ఉందని వీణకు తెలుసు. ఎంత గీర మనిషైనా ఆ సంగతి తలచుకుంటే మెత్తబడిపోతుంది.

రెండు వేల ఐదులో తోట యజమాని ఆమెను వారం రోజులు హాలెండుకు పంపుతానన్నాడు. అక్కడివాళ్ళు పూలను ఎలా వేరుచేస్తారో, వాడిపోకుండా పెట్టెల్లో ఎలా సర్దుతారో చూసి వచ్చి ఇక్కడివాళ్ళకు నేర్పాలి. ఇంకొకరైతే ఆ మాటకే ఉక్కిరిబిక్కిరయ్యేవారు. వీణ మాత్రం అక్కడికక్కడే ఇంకో నాలుగు రోజులు అడిగేసింది.

"పని అయినంక నాలుగు దినాలు రజా ఇయ్యండి సార్. ఎట్లాగూ అంత దూరం పోతాండాను, పక్క దేశాలు కూడా చూసుకొని వస్తా. మా అత్తను పిల్చుకొని పోతా. ఆమె ఖర్చు నాది."

యజమాని నవ్వి సరేనన్నాడు.

ఆ రాత్రి భర్త కిశోర్ పైపుల అంగడి మూసి వచ్చి భోజనానికి కూర్చున్నప్పుడు ఈ మాట బయటపెట్టింది. "నన్ను కాదని మా అమ్మనా?" అన్నాడతను. "మీరు అంగడి ఇడిసిపెట్టి యాడికన్నా వచ్చినారా ఇంతవరకు?" అంది వీణ. అతను మజ్జిగ అడిగాడు.

వడ్డిస్తున్న అక్కయమ్మ గరిటె పట్టుకునే ఆగింది. "యా సామి దగ్గరికి?"

"ఏ సామీ లేడత్తా. ఊరికే చూసేదానికి."

"ఊరికేనా?"

అరవైకి దగ్గరపడిన ఆ మనిషి విషయంలో ఊరికే అన్న మాట ఇంతవరకు ఎవరూ వాడలేదు. వంటింట్లోకి పోయి గిన్నెలన్నీ సర్దాక ఆమే కదిపింది. "సినిమాల్లో పాటలప్పుడు గుట్ట మింద తెల్లగా ఉంటాది చూడు, మంచు. దాన్ని చేత్తో పట్టుకోవచ్చునా?"

"పట్టుకోవచ్చు."

"ఉప్పు మాదిరి ఉంటాదా, దూది మాదిరి ఉంటాదా?"

వీణకు తెలియదు. తెలియదని చెప్పే అలవాటు అసలే లేదు. "నువ్వే చూసి చెబుదువులే అత్తా" అంది. ఇన్నేళ్ళలో అత్త తన కోసం అడిగిన మొదటి సంగతి అదేనని పడుకోబోయే ముందు గుర్తొచ్చి ఆమె మనసు కలుక్కుమంది. మరునాటికల్లా "మా అత్తకు స్విట్జర్లాండులో మంచు చూపిస్తాండాను" అని వీధంతా చాటేసింది.

ప్లాను వాకిట్లో తయారైంది. వీణ ముగ్గుపిండి తీసుకుని, అత్తకు తెలిసిన చుట్టుపక్కల ఊళ్ళతో పోలుస్తూ నేల మీద దేశాలు గీసింది. అక్కయమ్మ అరుగు మీద కూర్చుని చూసింది.

"ఇదో, ఇది హాలెండు. చింతామణి అనుకో. దీని పక్కన శిడ్లఘట్ట మాదిరి బెల్జియం, ఈడ ఒక రాత్రి. పొద్దున రైలెక్కితే ఇట్ల జర్మనీ, అది మన చిక్కబళ్ళాపురం. దాని కింద గుడిబండె మాదిరి అంతా గుట్టలే, అదే స్విట్జర్లాండు. మంచు చూసుకొని మళ్ళీ హాలెండుకు వచ్చి ఇమానం ఎక్కేది."

"నడిమధ్య ఎవరూ ఆపరా? దేశాలంటాండావే."

"ఒక్క వీసా ఉంటే అన్నీ తిరగొచ్చునంట. రైలు కూడా ఆగదంట."

బాగేపల్లి మనిషికి ఆ మాట నమ్మడం కష్టం కాదు. కాస్త దూరం పోతే ఆంధ్ర. అక్కడ చెక్‌పోస్టులో నిలబడేవి సరుకు లారీలే. మనుషులు సంతకూ, సంబంధాలకూ, సినిమాలకూ ఇటూ అటూ పోతూనే ఉంటారు, నువ్వెవరని అడిగే నాథుడు లేడు. వీణ పుట్టిల్లు ఒక రాష్ట్రం, మెట్టినిల్లు ఒక రాష్ట్రం. పసుపు కుంకుమలతో, సారె గంపలతో ఆ గీత దాటి వచ్చిన మనిషి ఆమె. సరిహద్దు గురించి ఒకరిని అడగాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

వీసాలు వచ్చాయి. ప్రయాణం దగ్గరపడ్డాక టికెట్లు తెచ్చుకోవడానికి వీణ ఒక ఆదివారం చింతామణి వెళ్ళింది. అక్కడ బస్టాండు పక్కన విమానం టికెట్ల ఆఫీసు నడిపే వినాయక్, కిశోర్‌కు కాలేజీ నాటి స్నేహితుడు. టికెట్లు చేతికిచ్చి, "పని అయినంక యాడ తిరుగుతారమ్మా?" అని మాటవరసకు అడిగాడు. వీణ తన ముగ్గు మొత్తాన్ని మాటల్లో గీసి చూపించింది. అతను పాస్‌పోర్టు అడిగి తీసుకుని వీసా ఉన్న పేజీ తిప్పాడు.

"స్విట్జర్లాండు దీంట్లో లేదమ్మా."

"ఎట్ల లేదప్పా? అన్నిటి నడిమధ్యలో ఉండాది కదా."

"ఉండాది గానీ, ఒకే వీసాతో తిరిగే ఈ దేశాల గుంపులో ఇంకా చేరలేదు. దానికి వేరే వీసా కావల్ల. ఇంకొకటమ్మా, మీకిచ్చింది ఒక్కసారి లోపలికి పోయేదానికే. స్విట్జర్లాండులోకి పోతే బయటికి పోయినట్ల లెక్క. మళ్ళీ హాలెండుకు రానియ్యరు. ఇమానం ఆడ ఉంటాది, మీరు ఈడ ఉంటారు."

"ఇప్పుడు అడిగితే ఇయ్యరా ఆ వీసా?"

"మీ పాస్‌పోర్టు పోయి వచ్చేలోపల ఇమానం పోతాది."

బాగేపల్లి బస్సులో కూర్చున్న వీణ దారి పొడుగునా స్విట్జర్లాండును తిట్టుకుంది. చుట్టూ ఉన్న దేశాలన్నీ ఒక మాట మీద ఉంటే దీనికేం పోయేకాలం అనుకుంది. ఆ తర్వాత తననే తిట్టుకుంది. ధర్మస్థలలో గది దొరుకుతుందా లేదా అని ముందే అడిగే మనిషి, దేశం దాటడానికి అడగలేదు. వీధిలో వాళ్ళు నవ్వుతారన్న బాధ ఉంది గానీ అది పెద్దది కాదు. ఉప్పు మాదిరా, దూది మాదిరా అని అడిగిన మనిషికి ఇప్పుడేం చెప్పాలి?

ఇంటికి పోయి దాచకుండా చెప్పేసింది. అక్కయమ్మ చేటలో బియ్యం ఏరుతూ విన్నది.

"నేను అప్పుడే అనుకొంటి. ముడుపు కట్టకుండా, ఏ సామికీ చెప్పకుండా బయలుదేరితిమి. ఊరికే పోయేది మనట్లాంటోళ్ళకు కాదమ్మా. నువ్వు పోయిరా. నా టికెట్టు వాపసు ఇచ్చేయ్."

ఆ గొంతులో నిష్ఠూరం ఉంటే వీణ బతిమాలి ఉండేది. నిష్ఠూరం లేదు, తేలిక ఉంది. ఆశపడినందుకు ఇన్నాళ్ళూ లోలోపల సిగ్గుపడి, ఆ ఆశ పోయినందుకు ఊపిరి పీల్చుకుంటున్న మనిషిని చూసి వీణకు ఏడుపొచ్చింది. పెరట్లోకి పోయి, ఉతికిన బట్టల్నే మళ్ళీ ఉతికింది.

కానీ వీణ ఓడిపోయి కూర్చునే రకం కాదు. మరునాడు పని దిగాక చిక్కబళ్ళాపురంలో బ్రౌజింగ్ సెంటరుకు పోయి కూర్చుంది. మంచు ఒక్క స్విట్జర్లాండు సొత్తు కాదు కదా అని జర్మనీలో కొండలు వెతికింది. దొరికింది. జర్మనీలో అన్నిటికన్నా ఎత్తైన కొండ, పేరు పలకాలంటే నాలుక మడతపడుతుంది. తాము వెళ్ళబోయే జూన్ నెలలో కూడా పైన మంచు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి కూడా వెళ్ళేలా పైదాకా రైలు, ఆపైన తీగ మీద వేలాడుతూ పోయే పెట్టె. ఇవన్నీ చదివాక ఇంకో సంగతి కనబడింది. దేశాల సరిహద్దు ఆ కొండ కొన మీదుగానే పోతుందట. ఇటు అడుగేస్తే జర్మనీ, అటు అడుగేస్తే ఆస్ట్రియా, రెండూ ఒకే గుంపు. ఒకప్పుడు అక్కడ నిలబెట్టి అడిగేవాళ్ళట, ఇప్పుడు ఎవరూ లేరట. మన చెక్‌పోస్టు కన్నా నయం అనుకుంది వీణ.

ఈసారి అడక్కుండా నమ్మలేదు. వినాయక్‌కు ఫోను చేసి అడిగింది. అతను ఔనన్నాక కూడా, హాలెండులో తనకు పని నేర్పబోయే ఆవిడకు మెయిలు పెట్టి మళ్ళీ అడిగింది. ఇద్దరూ ఔనన్నాకే ముగ్గుపిండి చేతిలోకి తీసుకుంది.

"అత్తా, ఇంకో గుట్ట దొరికింది."

"నేను రానంటి కదమ్మా."

"ముడుపు కట్టలేదనే కదా? కట్టు. రూపాయి నేనిస్తా. కానీ పిల్లోళ్ళకని, నీ కొడుక్కని, నాకని కట్టొద్దు. నీకేం కావల్లో అది చెప్పి కట్టు."

అక్కయమ్మ గూట్లోంచి పసుపు గుడ్డ తెచ్చింది. రూపాయి మధ్యలో పెట్టి, కొనలు దగ్గరికి తీసుకుని, ముడి వేయబోయి ఆగింది. ఇంటిల్లిపాది కోరికలూ ఆ నోటి మీదుగానే దేవుడికి చేరాయి. వీధిలో వాళ్ళవి కూడా కొన్ని పోయాయి. తన పేరున చెప్పడానికి మాత్రం ఒక్కటీ దొరకలేదు. చివరకు రూపాయి కోడలికిచ్చి గుడ్డ మడిచేసింది.

"నాకేం కావల్లమ్మా? ఏమని అడగల్ల?"

"అయితే ఏమీ అడక్కుండానే పోదాం రా. నాకు తోడు కావల్ల. నేనొక్కదాన్నే అంత గుట్ట ఎక్కలేను."

అది పచ్చి అబద్ధం. వీణ ఒక్కతే ఎక్కలేని గుట్ట ఇంకా పుట్టలేదని బాగేపల్లిలో ఎవరినడిగినా చెప్తారు.

"నీకు తోడంటే వస్తా" అంది అక్కయమ్మ.

మళ్ళీ ఎవరి కోసమో. ఆ మాట వీణ చెవిన పడింది గానీ అడ్డు చెప్పలేదు. ముందు విమానం ఎక్కనీ, మిగతాది తర్వాత చూసుకుందాం అనుకుంది.

హాలెండులో కోడలు పని నేర్చుకుంటుంటే అత్త షెడ్డులో స్టూలు మీద కూర్చుని, మన తోట పువ్వుకే రంగెక్కువని తీర్పు చెప్పింది. బెల్జియంలో వాన పడితే గదిలో కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న నిప్పట్లు తిన్నారు. రైల్లో వీణ "దేశం మారిపోయిందత్తా" అంటే, అక్కయమ్మ కిటికీలోంచి తొంగి చూసి "యాడ? ఏమీ మారలేదే" అంది.

కొండ మీదికి చేరిన రోజు ఆకాశం శుభ్రంగా ఉంది. అక్కయమ్మ చీర మీద కొడుకు స్వెట్టరు తొడుక్కుని, చెవులకు మఫ్లరు చుట్టుకుని నిలబడింది. కనుచూపుమేర తెలుపు. మెల్లగా వంగి గుప్పెడు తీసుకుంది. వేళ్ళ మధ్య నలిపి చూసింది, నాలుక మీద కూడా వేసుకుంది.

"ఉప్పూ కాదు, దూదీ కాదు. నూకల మాదిరి ఉండాది" అంది.

సరిహద్దు బోర్డు దగ్గర ఒక బల్ల మీద కూర్చున్నారు. అక్కయమ్మ చేతులు ఆమెకు తెలియకుండానే పైకి లేచి జోడించుకున్నాయి. కళ్ళు మూసుకోలేదు. చేతులు దించాక వీణ నవ్వు ఆపుకుంటూ అడిగింది.

"ఏం మొక్కుకొంటివి అత్తా?"

"ఏమీ లేదమ్మా. చేతులు అవే లేచినాయి. అడిగేదానికి ఏమీ రాలేదు."

వీణ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. గాలి వల్లనని చెప్పుకోవడానికి వీలుగా అక్కడ గాలి బాగానే ఉంది. గడియారం చూసుకుంది. అనుకున్న రైలు అందాలంటే ఇప్పుడే దిగాలి.

"పోదాం పా అత్తా. వచ్చిన పని అయ్యింది కదా" అంది, అత్త మాటను అత్తకే అప్పజెబుతూ.

అక్కయమ్మ కదల్లేదు. తడిచేతులు ఒళ్ళో పెట్టుకుని ముందుకే చూస్తోంది.

"కూచోమ్మా. ఇంకా కొంచేపు ఉండి పోదాం."

వీణ కూర్చుంది. వాళ్ళు ఎక్కాల్సిన రైలు వాళ్ళు లేకుండానే దిగిపోయింది. వీణ ప్లానులో బండి తప్పడం అదే మొదటిసారి, ఆ సంగతి వీధిలో అందరికీ ఆమే చెప్పుకుంటుంది.